పదిహేడో శాంపిల్

జూన్ 11

గుంటూరు నుంచి ఎక్స్‌రే గ్రాఫ్ వచ్చింది. నలభై రెండో శాంపిల్. ఒకే ఒక్క గుట్ట, బోర్లించిన గిన్నెలా. రావలసినవి మూడు శిఖరాలు. ముందు సూదిలా ఒకటి, దాని పక్కన పొట్టివి రెండు. ఆ మూడూ లేవంటే నేను చేసిన పొడిలో రంధ్రాలున్నాయి గాని అవి వరసలో లేవని అర్థం. వరసలో లేకపోతే నాకు థీసిస్ లేదు.

నరసింహారావు సార్ కాగితాన్ని కిటికీ వెలుతురులో పెట్టి చాలాసేపు చూశారు. "ఇంకోసారి చెయ్యమ్మా" అన్నారు. నాలుగేళ్ళుగా నా గైడు ఆయన. ఈ మాట ఎన్నిసార్లు విన్నానో.

కాలేజీ నుంచి ఇంటికి వద్దామంటే బాపట్లలో ప్యాసింజర్ గంట లేటు.

జూన్ 14

సాయంత్రం నాన్న కళ్ళజోళ్ళ షాపులో కూర్చున్నాను. ఫ్రేము బిగించుకోవడానికి వచ్చినాయన, మీ అమ్మాయి ఏం చదువుతోందండీ అని అడిగాడు. నాన్న స్క్రూ తిప్పుతూనే మొదలుపెట్టాడు. నీళ్ళలో సబ్బులాంటి మందొకటి కలిపితే అది సన్నటి కడ్డీలుగా పేర్చుకుంటుంది. ఆ కడ్డీల చుట్టూ గాజు గట్టిపడుతుంది. ఉత్త గాజు కాదు, మధ్య మధ్య కర్బనం ముక్కలు అల్లుకున్న గాజు. అందుకని దాన్ని కొలిమిలో కాల్చకూడదు, కర్బనం పోతుంది. ఆల్కహాల్లో మరగబెట్టి సబ్బును మెల్లగా కడిగేయాలి. అప్పుడు కడ్డీలున్న చోటల్లా గొట్టాలు మిగులుతాయి, తేనెపట్టు గదుల్లాగా. పురుగుమందు కలిసిన నీళ్ళు అందులోంచి పోనిస్తే మందు గొట్టాల్లో ఉండిపోతుంది, నీళ్ళు బయటికొస్తాయి.

ఒక్క ముక్క తప్పు చెప్పలేదు. వచ్చినాయన అబ్బో అని, జోడు పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఇదంతా నాన్నకి చెప్పింది నేను కాదు. వినయ్. ఇదే బల్ల మీద, లెన్సులు చుట్టే కాగితం వెనక బొమ్మ గీసి మరీ చెప్పాడు.

జూన్ 15

రాయకూడదనుకున్న పేరు నిన్న రాసేశాను.

జూన్ 19

సార్ థీసిస్ మూడో అధ్యాయం అడిగారు. అందులో పదిహేడో శాంపిల్ గురించి ఒక్క వాక్యం ఉండాలట. ఒకసారి వచ్చిన ఫలితం మళ్ళీ రాలేదు కనుక లెక్కలోకి తీసుకోలేదు, అని. పొద్దున్నుంచి కూర్చున్నాను, రాయలేకపోయాను. ముందు ఇక్కడ రాసుకుంటే అక్కడ రాయడం తేలికవుతుందేమో.

వినయ్ కుమార్‌ది రేపల్లె. నాకంటే కొద్ది నెలలు వెనక చేరాడు. ఇద్దరికీ ఒకే బల్ల, ఒకే ఓవెన్. అతను గాజు తయారయ్యే సిలేన్ మందు చుక్కలు వేస్తుంటే నేను టైము చూసేదాన్ని. నేను వేస్తుంటే అతను పాటలు పాడి నా లెక్క తప్పించేవాడు. వాళ్ళ నాన్న జకరయ్య గారు స్కూలు హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. లూథరన్ క్రైస్తవులు. మా పెళ్ళికి ఇంట్లో నచ్చజెప్పడానికి నాకు ఏడాది పట్టింది. చివరికి నాన్నే, శ్రావణంలో ఒక మంచి రోజు చూసుకుని రేపల్లె వెళ్ళి మాట్లాడి వస్తానన్నాడు.

నిరుడు ఫిబ్రవరిలో నాన్నకి కంటి ఆపరేషన్. నాలుగు రోజులు కాలేజీకి వెళ్ళకుండా తెనాల్లో ఇంటి దగ్గరే ఉండిపోయాను. ఆ నాలుగు రోజుల్లో వినయ్ పదిహేడో శాంపిల్ చేశాడు. మూడు శిఖరాలు వచ్చాయి. పేపరు రాసి పంపాం. పత్రిక వాళ్ళు మళ్ళీ చేసి చూపించమన్నారు. అతను చేస్తే రాలేదు, నేను చేస్తే రాలేదు. అదే మందు, అదే వేడి, అన్ని గంటలే. రాలేదు. జులైలో కాలేజీ కమిటీ వేసింది. ఎవరి గ్రాఫో తెచ్చి తనదని పెట్టాడని అనుమానం. ఆ రోజుల్లో పక్కన ఎవరున్నారని అడిగారు. నన్ను రాసిమ్మన్నారు. శాంపిల్ చేస్తుండగా నేను చూడలేదని రాసిచ్చాను.

అది నిజం. నేను చూడలేదు.

ఆగస్టులో అతన్ని పంపేశారు. నాన్న రేపల్లె వెళ్ళలేదు.

థీసిస్‌లో ఆ వాక్యం రాసేశాను. తేలిక కాలేదు.

జూన్ 27

నలభై మూడు కూడా గుట్టే.

నేను చూడలేదు కాబట్టే చూడలేదని రాశాను. చూశానని రాస్తే అబద్ధమయ్యేది కదా.

జులై 9

ఓవెన్ పక్క గోడ మీద పెన్సిల్‌తో అతని చేతిరాత అలాగే ఉంది. "తలుపు మెల్లగా, దేవుడు చూస్తున్నాడు." సున్నం వేయించమని ఎవరికైనా చెప్పాలి.

జులై 22

నలభై నాలుగు. గుట్ట.

జులై 31

అమ్మాజీ పిన్ని ఇవాళ రిటైరయింది. మా డిపార్ట్‌మెంట్‌లో ముప్పై ఒక్క ఏళ్ళు అటెండరు. నేను బీఎస్సీ చదివేటప్పుడు కూడా ఈ బీకర్లు ఆవిడే కడిగేది. సార్ శాలువా కప్పారు, మిక్చరు, జాంగ్రీ పంచారు. అందరూ వెళ్ళిపోయాక ఆవిడ స్టోరు రూము తాళాలు నాకప్పజెప్పడానికి వచ్చి, తాళాలు ఇవ్వకుండా అలాగే నిలబడింది.

"అమ్మా, ఒక మాట చెప్పేసి పోతాను. మనసులో పెట్టుకుని పోలేను" అంది.

చెప్పింది. నిరుడు ఫిబ్రవరిలో, మా నాన్నకి ఆపరేషన్ అయినప్పుడు, డిస్టిల్డ్ వాటర్ మిషన్లో నీళ్ళున్నాయో లేదో చూసుకోకుండా స్విచ్ వేసిందట. కాయిల్ కాలిపోయింది. సార్‌కి తెలిస్తే సర్వీసు పుస్తకంలో రాస్తారని భయపడింది. ఎవరికీ చెప్పకుండా విజయవాడ నుంచి కొత్త కాయిల్ తెప్పించి పెట్టించింది. అది వచ్చేదాకా నాలుగు రోజులు.

"ఆ నాలుగు రోజులు క్యాన్లో నీళ్ళేవి పిన్నీ?" అన్నాను.

"వెనకాల పాత బోరింగుయి. గుడ్డ కట్టి వడగట్టే పోశాను. తేటగానే ఉన్నాయమ్మా. నీళ్ళు నీళ్ళేగా అనుకున్నాను."

పాత బోరింగు నీళ్ళు వరండా కడగడానికి తప్ప దేనికీ వాడరు. నోట్లో పోసుకుంటే ఉమ్మేస్తాం. సముద్రం ఎంత దూరమని.

వినయ్‌కి తెలుసా అని అడిగాను. తెలియదంది. ఆ అబ్బాయి పాపం క్యాన్లోవి పట్టుకుని తన పని తను చేసుకున్నాడు, నేనే ద్రోహం చేశాను, మీకేమైనా పాడయిందా అమ్మా, అని నా మొహంలోకి చూసింది. ఏమీ పాడవలేదన్నాను. తాళాలు ఇచ్చి, నా గడ్డం పుణికి వెళ్ళిపోయింది.

రైలు ఎలా ఎక్కానో గుర్తు లేదు.

ఆగస్టు 1

బోరింగు నీళ్ళు పరీక్ష గొట్టంలో పోసి రెండు చుక్కలు సిల్వర్ నైట్రేట్ వేశాను. పాలు విరిగినట్టు తెల్లగా పేరుకుంది. ఉప్పు. ఇంటర్ పిల్లలు చేసే పరీక్ష ఇది.

నలభై ఐదో శాంపిల్ మొదలుపెట్టాను, ఆ నీళ్ళతోనే. సార్‌కి చెప్పలేదు.

ఆగస్టు 3

ఓవెన్లో ఉంది.

ఆగస్టు 5

ఆల్కహాల్లో కడుగుతున్నాను. రాకూడదని కోరుకుంటున్నానా? లేదు. రావాలనే.

ఆగస్టు 12

మూడు.

మూడు శిఖరాలు. పదిహేడో శాంపిల్ గ్రాఫు మీద దీన్ని పెట్టి కిటికీ అద్దానికి ఆనించి చూశాను. ఒకదాని వెనక ఒకటి దాక్కున్నాయి, ఎక్కడా గీత తేడా లేదు.

బల్ల అవతలికి చూశాను, చెబుదామని. ఎవరూ లేరు.

ఆగస్టు 21

ఇప్పుడు డిస్టిల్డ్ వాటర్‌లో లెక్క ప్రకారం ఉప్పు తూచి వేసి చేస్తున్నాను. ఉప్పు తక్కువైతే గుట్ట, సరిపోతే మూడు శిఖరాలు. ఒకేసారి నాలుగు శాంపిళ్ళు పెట్టాను, నాలుగూ అంతే. ఉప్పు ఉంటే సబ్బు కడ్డీలు దగ్గరికి జరిగి సర్దుకుంటాయి. వేరే మిశ్రమాలతో ఇలా జరుగుతుందని పేపర్లలో ఉంది. నేను చదివాను కూడా. చదివి, మన దానికి అవసరం లేదులే అని పక్కన పెట్టింది నేనే.

ఆగస్టు 23

సార్‌కి చూపించాను. కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఇన్నేళ్ళలో ఒక గ్రాఫు చూసి ఆయన లేవడం చూడలేదు. వెంటనే పేపరు రాయమన్నారు, థీసిస్ డిసెంబరుకల్లా ఇచ్చేయవచ్చన్నారు. పాత బోరింగు సంగతి, అమ్మాజీ పిన్ని సంగతి చెప్పాను. వినయ్ తప్పేం లేదని తేలింది కదా సార్, కమిటీకి చెబుదామన్నాను.

ఆయన మళ్ళీ కూర్చున్నారు. అయిపోయినదాన్ని తిరగదోడితే కాలేజీకి చెడ్డపేరు, కమిటీలో ఉన్నవాళ్ళకి చెడ్డపేరు, రాసిచ్చిన నాకు కూడా అన్నారు. తర్వాత మెల్లగా, "అతనికి తెలిసి చెయ్యలేదు కదమ్మా. ఉప్పు సంగతి కనిపెట్టింది నువ్వు. నీ పేరుతో రాయి" అన్నారు.

ఆగస్టు 24

సార్ చెప్పినదాంట్లో అబద్ధమేం లేదు.

ఆగస్టు 27

రెండు పేజీలు రాశాను. రచయితల పేర్ల దగ్గర ఖాళీ వదిలాను.

ఆగస్టు 30

ప్రస్తుతానికి నా పేరు, సార్ పేరు పెట్టాను. తర్వాత మార్చవచ్చు.

సెప్టెంబరు 2

అన్నం తింటుంటే నాన్న అడిగాడు, ఈ మూడు శిఖరాలు ముందు ఆ అబ్బాయికి వచ్చినవే కదా, అతనికి తెలియజేశావా అని. నంబరు కలవడం లేదన్నాను. అప్పటికి నేను ఫోనే చెయ్యలేదు. తర్వాత చేశాను. నిజంగానే ఆ నంబరు లేదట.

సెప్టెంబరు 7, ఆదివారం

రేపల్లె వెళ్ళాను. పొద్దున్న బండి. వినయ్ చెప్పగా చెప్పగా ఆ ఇల్లు నాకు తెలుసు, అడుగు పెట్టడం మాత్రం ఇదే. ఆదివారం కనుక చర్చికి వెళ్ళి ఉంటారు, బయట కూర్చుని ఎదురుచూద్దామనుకున్నాను. జకరయ్య గారు ఇంట్లోనే ఉన్నారు. పడక కుర్చీలో పేపరు చదువుకుంటున్నారు. నా పేరు చెప్పగానే లేచి, తలుపు పూర్తిగా తీసి, "రా అమ్మా, ఎన్నాళ్ళకి" అన్నారు.

కాఫీ ఆయనే పెట్టారు. వినయ్ వాళ్ళమ్మ రాజమ్మ గారు ఆరాధనకి వెళ్ళారట. మీరు వెళ్ళలేదా మాస్టారూ అన్నాను.

ఆయన ఇరవై ఏళ్ళు సండే స్కూలు చెప్పారు. నిరుడు అక్టోబరులో ఒకరోజు పిల్లలకి పది ఆజ్ఞలు చెబుతున్నారట. అబద్ధ సాక్ష్యం చెప్పకూడదన్న ఆజ్ఞ దగ్గరికి వచ్చేసరికి ఒక చిన్నపిల్ల లేచి, తాతగారూ, మీ అబ్బాయి కాలేజీలో అబద్ధం రాశారటగా అని అడిగింది. ఇంట్లో పెద్దవాళ్ళు అనుకుంటుంటే విని ఉంటుంది. ఆయన పాఠం పూర్తి చేసి ఇంటికి వచ్చేశారు. మళ్ళీ వెళ్ళలేదు.

"పిల్లదేం తప్పుందమ్మా. నాకే ఆ ఆజ్ఞ నోటికి రావడం లేదు" అన్నారు.

కాఫీ గ్లాసు పట్టుకుని కూర్చున్నాను. గోడ మీద పెళ్ళి ఫోటో ఉంది. కోటులో వినయ్. పక్కన తెల్ల చీర, తలపైన ముసుగు, నవ్వుతున్న అమ్మాయి. నేను అటు చూడటం ఆయన చూశారు. మే నెలలో అయిందన్నారు. ఏంజెల్ అట, నిజాంపట్నంలో టీచరు. వినయ్ కూడా అక్కడే, రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్ష చేసే ల్యాబ్‌లో ఉన్నాడు.

తర్వాత ఆయన, "మీ వాళ్ళు ఒప్పుకోలేదటగా. వాడే చెప్పాడు. మీ మీద నాకేం కోపం లేదమ్మా. ఆ కష్టంలో నువ్వూ పక్కన లేకుండా పోయావే అని, అంతే" అన్నారు.

పదిహేడో శాంపిల్ సంగతి చెప్పడానికే వెళ్ళాను. చెప్పకుండా వచ్చేశాను.

సెప్టెంబరు 8

వాళ్ళకి తెలియదు. సంతకం పెట్టింది నేనని అతను చెప్పలేదు. మా నాన్న మీదికి తోసి ఊరుకున్నాడు.

సెప్టెంబరు 10

నేను రాసిచ్చినది ఒక వాక్యం కాదు. రెండు.

మొదటిది, శాంపిల్ చేస్తుండగా నేను చూడలేదు.

రెండోది, ఆ ఫలితం మీద నాకు నమ్మకం లేదు.

రెండోది ఎవరూ అడగలేదు. కమిటీలో ఒకాయన, ఇంకేమైనా చెప్పాలా అమ్మా అన్నారు, అంతే. నేను పెన్ను ఎత్తకుండా రాసేశాను. మొదటి వాక్యంతో వాళ్ళు ఏమీ చెయ్యలేకపోయేవాళ్ళు. ఎవరూ చూడకుండా చేసే ప్రయోగాలు లక్ష ఉంటాయి. రెండో వాక్యంతోనే పంపేశారు. అతన్ని బాగా ఎరిగినదాన్ని, పెళ్ళి చేసుకోబోయేదాన్ని, నేనే నమ్మనప్పుడు ఇంకెవరు నమ్ముతారు.

ఆ సాయంత్రం స్టేషన్లో అతను నన్ను ఒక్కటే అడిగాడు, నువ్వు నమ్మట్లేదా అని. రిపీట్ కావాలి కదా అన్నాను. అతని బండి రేపల్లె వైపు, నా ఇల్లు తెనాలి. తెనాలి దాకా ఒకే పెట్టెలో ఎదురెదురుగా కూర్చుని వచ్చాం. ఒక్క మాట లేదు.

ఏడాదిగా ఈ డైరీలో కూడా ఒక వాక్యమే రాసుకుంటూ వచ్చాను.

సెప్టెంబరు 20

నిజాంపట్నం. రేపల్లె నుంచి బస్సు. హార్బరు రోడ్డు మీద ఎండు చేపల వాసన మధ్య చిన్న గది, గుమ్మం నుంచి గోడ దాకా చెరువు నీళ్ళ సీసాలు, ఒక్కోదాని మీద రైతు పేరు. వినయ్ ఒళ్ళు చేశాడు. గడ్డం పెంచాడు. నన్ను చూసి సీసా కింద పెట్టి, కూర్చోమన్నాడు. ఎందుకొచ్చావని అడగలేదు.

రెండు గ్రాఫులూ బల్ల మీద పెట్టాను. అతను వంగి చూశాడు. నేను బోరింగు సంగతి చెబుతుండగానే, "ఉప్పా?" అన్నాడు. మళ్ళీ, "ఉప్పు!" అన్నాడు. నవ్వాడు. మునుపటి నవ్వే. ఎన్ని గ్రాములు, ఏ ఉప్పు, పొటాషియంది వేసి చూశావా, వేడి తగ్గించి చూశావా అని వరసగా అడుగుతూ పోయాడు. నేను చెబుతూ పోయాను. ఒక అరగంట అన్నీ మర్చిపోయాను. బహుశా అతను కూడా.

అప్పుడు ఏంజెల్ వచ్చింది. స్కూల్లో భోజనాల బెల్లు మధ్యలో అతనికి క్యారియర్ తెచ్చింది. మెల్లగా మాట్లాడే మనిషి. వినయ్ లేచి, "మా ల్యాబ్‌లో సీనియర్, కౌముది గారు" అన్నాడు.

గారు.

ఆమె నన్ను కూడా తినమంది, వద్దన్నాను. ఆమె వెళ్ళాక అతను క్యారియర్ తెరవలేదు.

"నువ్వు రాసిన కాగితం నాకు చదివి వినిపించారు" అన్నాడు. "మూడు నెలలు ఇంట్లో కూర్చుని అదే ఆలోచించాను. నువ్వే నమ్మలేదంటే ఏదో ఉండి ఉంటుందనుకున్నాను. నేనే ఎక్కడో కల్పించానేమో, మర్చిపోయానేమో అనిపించేది. నా మీద నాకే అనుమానమొచ్చింది కౌముదీ."

నేను కమిటీకి ఉత్తరం రాస్తానన్నాను. సార్ నిన్ను ల్యాబ్‌లో ఉండనివ్వరు అన్నాడు. తెలుసన్నాను.

"నా కోసమైతే వద్దు. నేనిక అక్కడికి రాను. నాన్న కోసం రాయి."

"మాస్టారుకి నా సంగతి ఎందుకు చెప్పలేదు?"

సీసా మూత బిగించాడు. "నువ్వు వస్తావని రేపల్లె ఇంటికి ఆయన కొత్తగా సున్నం వేయించాడు. నేనెట్లా చెప్పను? చెప్పాలంటే నువ్వే చెప్పు. నేను మాత్రం చెప్పను."

లేస్తుంటే, అమ్మాజీ పిన్ని బాగుందా అని అడిగాడు. ఆవిడ పేరు బయటికి రాకుండా చూడమన్నాడు. నీళ్ళ మిషన్ పాడయిందని రాస్తే చాలు, ఎవరు పాడు చేశారో ఎందుకన్నాడు.

బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. అదొక్కటే మంచి.

సెప్టెంబరు 29

ఉత్తరం రాశాను. ఇచ్చాను. ముందు సార్‌కి, తర్వాత ప్రిన్సిపాల్‌కి. పేపర్లో మొదటి పేరు వినయ్‌ది అని కూడా రాశాను.

సార్ కోప్పడలేదు. నా డ్రాయర్ తాళం అడిగి తీసుకున్నారు. వేరే గైడును చూసుకోమన్నారు.

అక్టోబరు 6

కమిటీ నన్ను పిలిచింది. అప్పుడు నమ్మకం లేదన్నారు, ఇప్పుడు ఉందంటున్నారు, ఎప్పుడు మారిందని అడిగారు.

మారలేదండి అన్నాను.

అర్థం కాలేదన్నారు. అప్పుడు కూడా నమ్మకం ఉందండి అన్నాను.

మరి ఎందుకు రాశారు?

దీనికి జవాబు అక్కడ చెప్పలేదు. ఇక్కడ రాస్తాను. అతని కంటే ముందు నుంచి నేను చేస్తున్నాను. నేను లేని నాలుగు రోజుల్లో అతనికి వచ్చింది. గ్రాఫు వచ్చిన రోజు, నాన్నని మళ్ళీ కంటి పరీక్షకి తీసుకెళ్ళి ఉంటే, ఫోన్లో మూడు శిఖరాలు అని అరిచాడు. ఆసుపత్రి వరండాలో నాన్న కంటి చుక్కల సీసా పట్టుకుని నిలబడి, కంగ్రాట్స్ అన్నాను. ఆ రోజు నుంచి లోపల ఒకటి కూర్చుంది. కమిటీ వాళ్ళు ఇంకేమైనా చెప్పాలా అన్నప్పుడు అదే చెప్పింది.

అతన్ని ప్రేమించాను. అది కూడా అబద్ధం కాదు. రెండూ ఒకే మనిషిలో ఉన్నాయి.

అక్టోబరు 30

తుఫాను. మూడు రోజుల నుంచి కాలేజీ లేదు, కరెంటు లేదు. షాపులోకి నీళ్ళు వచ్చాయి. నాన్న, నేను ఫ్రేములన్నీ పై అరల్లోకి సర్దాం.

నవంబరు 11

ఉత్తర్వు వచ్చింది. వినయ్ కుమార్ మీద నిరుటి నిర్ణయం రద్దు. ఫలితం నిజమైనదని తేలినందున, అని రాశారు. నన్ను మందలించారు. థీసిస్ ఏడాది వెనక్కి.

వినయ్‌కి ఒక కాపీ పోస్టు చేశాను. రెండోది మాస్టారికి నేనే తీసుకువెళ్తాను.

నవంబరు 15

పడిపోయిన వరి మధ్య నుంచి బండి వెళ్ళింది. వేమూరు దాటాక చేలల్లో ఇంకా నీళ్ళున్నాయి.

ముందే ఫోన్ చేసి చెప్పాను కనుక రాజమ్మ గారు కూడా ఉన్నారు. నేను చేపలు తిననని కనుక్కుని వంకాయ కూర చేశారట. జకరయ్య గారికి కాలేజీ ఉత్తర్వు ఇచ్చాను. నిలబడే చదివారు. తర్వాత ఆవిడను పిలిచి, హెడ్మాస్టరు గొంతుతో మొత్తం గట్టిగా చదివి వినిపించారు. "నిజమైనదని తేలినందున" అన్న చోట ఆగి, మళ్ళీ చదివారు. రాజమ్మ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నా రెండు చేతులూ పట్టుకుని, నీ వల్లే అమ్మా, నువ్వే నిలబడ్డావు వాడి కోసం అంది. తినకుండా వెళ్ళనివ్వనని కంచాలు పెట్టింది. అన్నం వడ్డించింది. కూర వేసింది. నెయ్యి పోసింది.

తిన్నాక ఇద్దామనుకున్నాను, నేను రాసుకున్న రెండో కాగితం. ఆ చేతి అన్నం తిని తర్వాత ఇవ్వడం దొంగతనమనిపించింది. అప్పుడే ఇచ్చాను. తెలుగులో రాసుకువెళ్ళాను, సంతకంతో.

"వినయ్ కుమార్ ఫలితం మీద నాకు నమ్మకం లేదని నిరుడు జులైలో కమిటీకి రాసిచ్చింది నేను. నా మాట మీదే అతన్ని పంపేశారు. ఆ మాట అబద్ధం. నాకు నమ్మకం ఉంది. రాసిన రోజు కూడా ఉంది. కౌముది, తెనాలి."

ఈసారి ఆయన గట్టిగా చదవలేదు. చదివి ఆవిడకి ఇచ్చారు. ఆవిడ చదవడానికి చాలాసేపు పట్టింది.

"వాడికి తెలుసా?" అన్నారు ఆయన.

"తెలుసండి."

"ఎప్పట్నించి?"

"మొదట్నించీ మాస్టారూ."

నా ముందు కంచంలో నెయ్యి పేరుకుంది. తినమని ఎవరూ అనలేదు. వీధిలో ఎవరో మోటారు సైకిల్ స్టార్ట్ చేయడానికి తంటాలు పడుతున్నారు, అది కాసేపటికి స్టార్ట్ అయి వెళ్ళిపోయింది.

అప్పుడు ఆయన, "కాలేజీ ఉత్తరం రేపు చర్చిలో చదువుతానమ్మా, ప్రకటనలప్పుడు. అది చాలు. ఇది అక్కర్లేదు" అన్నారు.

"రెండూ చదవండి."

"నీ పేరుంది ఇందులో."

"ఉండాలి మాస్టారూ. పేరుతోనే చదవండి."

ఆయన రెండు కాగితాలూ కలిపి మడిచి జేబులో పెట్టుకున్నారు. రాజమ్మ గారు లేచి, నా కంచం తీసి లోపలికి పట్టుకెళ్ళింది. విసురుగా కాదు. మామూలుగానే.

వెళ్ళొస్తానన్నాను. వెళ్ళిరా అని ఎవరూ అనలేదు.

నవంబరు 16, ఆదివారం

రాత్రి నాన్నకి అంతా చెప్పాను, రెండో వాక్యంతో సహా. పెళ్ళి ఆగిన తప్పు మా ఇంటి మీదికి తోసి వినయ్ ఇంతకాలం నా సంగతి దాచాడని కూడా. నాన్న చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నాడు. పొద్దున్న కాఫీ మాత్రం ఎప్పటిలాగే నా బల్ల మీద పెట్టి వెళ్ళాడు.

పది. ఆరాధన మొదలై ఉంటుంది.

పదిన్నర. పాటలు అయి ఉంటాయి. ఆ చర్చి నేను లోపల చూడలేదు. ఆయన ఏడాది తర్వాత వెళ్తున్నారు. ముందు వరసలో కూర్చున్నారో, వెనకో. ఆ చిన్నపిల్ల వచ్చి ఉంటుందా. వినయ్, ఏంజెల్ వచ్చారేమో నిజాంపట్నం నుంచి.

పదకొండు. ప్రకటనలు. ముందు కాలేజీది చదువుతారు. తర్వాత నాది. చిన్నదే, ఒక నిమిషం పట్టదు. నా పేరు దగ్గరికి వచ్చి ఉంటారు.

ఎందుకో లేచి నిలబడ్డాను. నిలబడే రాస్తున్నాను.